పురుగుల పేరంటం

మొన్న బెజవాడ నుంచి తిరువూరు వచ్చే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మైలవరం దాటాక ముందు సీట్లో అమ్మాయికి దగ్గు మొదలైంది. పెద్దావిడ కాసేపు విన్నది. ఇక ఉండబట్టలేక కొంగు ముడి విప్పింది. అందులో కాస్త చిల్లర, నాలుగు వక్కపలుకులు, వాటి మధ్య ఎరుపూ పసుపూ రంగుల గొట్టం బిళ్ళ ఒకటి. దాన్ని వేళ్ళతో తుడిచి ముందుకు వంగింది.

"మా మరిదికి రాసిచ్చారమ్మా. ఆయనకి తగ్గిపోయింది, ఇది మిగిలింది. మంచి మందు. వేసుకో తల్లీ."

నేను బస్సులో ఎవరితోనూ మాట్లాడను. టికెట్టుకి కూడా ఊరి పేరు ఒక్కటే చెప్పి చిల్లర చేతిలో పెడతాను. కానీ ఆ బిళ్ళ చూడగానే నా చెవిలో ఒక గొంతు గట్టిగా అడిగింది. "ఎవరి నోమే అది?"

ఆ గొంతు మా పక్కింటి అత్తయ్యగారిది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

అత్తయ్యగారు మాకు చుట్టం కాదు. వాళ్ళది పొలమూ మామిడితోటా ఉన్న ఇల్లు. మాది నాన్న బడిజీతం మీదా ఆదివారం చర్చి గంట మీదా నడిచే ఇల్లు. మధ్యలో మనిషెత్తు గోడ. అమ్మ ఆవిణ్ణి వదినగారు అనేది కాబట్టి నాకు అత్తయ్యగారు. ఆవిడ మా గుమ్మంలోంచి వచ్చిన రోజులు తక్కువ. గోడకి అవతల పాత తిరగలి రాయి ఒకటి వేసుకుని దాని మీద ఎక్కి నిలబడేవారు. ముందు కొప్పు కనిపించేది, తర్వాత రూపాయంత బొట్టు, ఆ తర్వాత గోడ మీదికి ఏదో ఒక గిన్నె వచ్చేది. గిన్నె వచ్చాకే మాట వచ్చేది.

పెట్టడం ఆవిడకి జబ్బు అని మావయ్యగారు, అంటే వాళ్ళాయన, అనేవారు. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఇదొకటి ఉండేది. గోంగూర పెట్టేవారు, తోటలో రాలిన కాయలు పెట్టేవారు, పాలకి తోడు పెట్టేవారు, అడగని సలహాలు పెట్టేవారు. అన్నిటికంటే ఇష్టంగా పెట్టేవి మాత్రం మందులు.

ఆవిడ దగ్గర బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. మూత మీద గుర్రబ్బండి బొమ్మ. మా వీధిలో ఎవరికి జబ్బు చేసి తగ్గినా, మిగిలిన బిళ్ళలు ఆ డబ్బాకి చేరేవి. ఆవిడే వెళ్ళి అడిగి తెచ్చుకునేవారు. "తగ్గిందిగా, ఇంక నీకెందుకు? ఇటు పడెయ్, ఇంకొకళ్ళకి పనికొస్తాయి" అనేవారు. మందు పారెయ్యడమంటే అన్నం పారేసినంత పాపం ఆవిడ లెక్కలో.

ఆవిడకి చదువు రాదు, మందుల పేర్లు తెలియవు. అయినా ఏ పొట్లంలో ఏముందో తడుముకునేవారు కాదు. ఎందుకంటే ప్రతి మందుకీ దాన్ని మొదట వాడిన మనిషి పేరే పెట్టారు. "ఇది పోస్టుమాస్టారి చెవిపోటు. ఇది కరణంగారి కాలిపుండు. ఇది నెమలి ఊరి పంతులుగారి రొంప." ఎవరికైనా కాలికి ముల్లు దిగి చీము పడితే డబ్బా తెరిచి, పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "కరణంగారి కాలిపుండు రెండు పట్టుకెళ్ళు. ఒకటి మింగు, ఒకటి పొడి చేసి కొబ్బరినూనెతో పుండు మీద రాయి" అనేవారు. కరణంగారు ఇదంతా తెలిసి, తన కాలిపుండు వీధిలో ఇంతమంది మింగుతున్నారా అని సిగ్గుపడి, కొన్నాళ్ళు మా వీధిలోకి రావడం మానేశారట.

ఇచ్చే పద్ధతి ఒకటుండేది. బిళ్ళల్ని కొంగు చాటున పెట్టి, నవ్వు బిగబట్టి, "ఇస్తినమ్మ వాయనం" అనేవారు. నోము నోచుకున్న ముత్తయిదువ పేరంటానికి వచ్చినవాళ్ళకి శనగలూ పండూ ఇస్తూ అనే మాట అది. తీసుకునేవాళ్ళు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని తీరాలి. మందుకి ఇదెందుకండీ అంటే, "ఊరికే చేతిలో పెడితే మందు పనిచెయ్యదే. పుచ్చుకున్నానని నోటితో అనాలి" అనేవారు. మా వీధిలో అందరం, ఏ దేవుడికి మొక్కేవాళ్ళమైనా, ఆ మాట అనే మందు తెచ్చుకున్నాం. మా చర్చి పెద్ద ఒకాయన దగ్గుతో సతమతమవుతూ గోడ దగ్గర నిలబడి "పుచ్చుకుంటినమ్మ" అనేసి, వెంటనే ఎవరైనా విన్నారా అని వెనక్కి చూడటం నా కళ్ళతో నేను చూశాను.

కోళ్ళకీ ఆవిడే వైద్యురాలు. ఎదురింటి మరియమ్మ పెట్టకి కొక్కెర తెగులు వచ్చి మెడ వేలాడేస్తే, పోస్టుమాస్టారి చెవిపోటు ఒక గొట్టం విప్పి నూకల్లో కలిపి పెట్టించారు. పెట్ట సాయంత్రానికి చచ్చింది. మరియమ్మ ఏమీ అనలేదు సరికదా, "మందు పడింది కాబట్టి సాయంత్రం దాకా ఆగిందమ్మా" అని కృతజ్ఞత చెప్పింది. అత్తయ్యగారు దాన్ని తన విజయాల్లోనే జమ వేసుకున్నారు.

ఆ ఏడు తొలకరి పడి బావుల్లో నీళ్ళు ఎర్రబడ్డ రోజుల్లో నాకు జ్వరం తగిలింది. నేనప్పుడు ఇంటర్ అయిపోయి, పై చదువు సంగతి తేలక, గ్రంథాలయం పుస్తకాలతో ఇంట్లో ఉండేదాన్ని. అత్తయ్యగారు ఆ రోజు గుమ్మంలోంచే వచ్చారు. చేతి వెనక వైపు నా మెడ మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. థర్మామీటరు ఆవిడ నమ్మేవారు కాదు, "ఆ గాజుపుల్లకి పిల్ల మీద ప్రేమ ఏముంటుంది" అనేవారు.

"ఇది విషజ్వరమే. అదృష్టవంతురాలివే అమ్మడూ, కండక్టరు విషజ్వరం నాలుగు గొట్టాలున్నాయి నా దగ్గర."

కండక్టరు అంటే మా వీధి చివర ఉండే బస్సు కండక్టరు. ఎండాకాలంలో ఆయనకి టైఫాయిడ్ వచ్చింది. కాస్త నెమ్మదించగానే డ్యూటీ ఎక్కేశాడు. డాక్టరు రాసిన వాటిలో నాలుగు మిగిలిపోయాయి. నేను వాయనం పుచ్చుకున్నాను. రెండు రోజుల్లో ఒళ్ళు చల్లబడింది. అత్తయ్యగారు తిరగలి రాయెక్కి వీధిలో వెళ్ళేవాళ్ళందరికీ ఆ ముచ్చట చెప్పారు. ఆ ముచ్చట వీధి చివరికి చేరకముందే జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి నిచ్చెన ఎక్కినట్టు వచ్చింది. రోజు రోజుకీ ఒక మెట్టు పైకే గాని కిందికి దిగేది కాదు.

నాన్న ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుగారిని ఇంటికి తీసుకొచ్చారు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. సన్నగా, కళ్ళజోడుతో, మాట్లాడితే ఎదుటివాళ్ళకి నొప్పి కలుగుతుందేమో అన్నంత మెల్లగా మాట్లాడేవారు. టైఫాయిడ్ అన్నారు, ఎప్పుడూ ఇచ్చే గొట్టాలే ఇచ్చారు. నాలుగైదు రోజులు మింగాను. మార్పు లేదు. నాలుక ఎండిపోయి, మాట తేలిపోతోంది. కిటికీలోంచి కనిపించే మామిడికొమ్మ ఒక్కోసారి దగ్గరికి వచ్చేది, ఒక్కోసారి ఎక్కడికో వెళ్ళిపోయేది. చర్చిలో నాకోసం ప్రార్థన చేశారని అమ్మ చెప్పింది. అమ్మ ఆ మాట చెప్పిన తీరు చూసి, నా పరిస్థితి నాకు అర్థమైంది.

డాక్టరుగారు మళ్ళీ వచ్చి నాడి చూసి, పొట్ట నొక్కి చూసి, మంచం పక్కన నిలబడిపోయారు.

"ఈ మందుకి లొంగాలి. లొంగడం లేదు. నా దగ్గరికి రాకముందు ఏమైనా వాడారా?"

నాన్న గోడ మీది కేలెండరులోకి చూశారు. అమ్మ నా దుప్పటి సర్దింది, సర్దిందే సర్దింది. అత్తయ్యగారి పేరు చెప్పడం మా రెండిళ్ళ మధ్య గోడ ఎత్తు పెంచడమే. నేను కళ్ళు మూసుకున్నాను.

పెరటి గుమ్మం దగ్గర కూర్చుని నాకోసం బార్లీ వడబోస్తున్న అత్తయ్యగారు గిన్నె కింద పెట్టారు.

"వాడింది నాయనా. నేనే ఇచ్చాను. కండక్టరు విషజ్వరం."

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "కండక్టరు జ్వరం ఈ అమ్మాయికి ఇచ్చారా?"

"జ్వరం కాదయ్యా, మందు! నాలుగే ఉన్నాయి, నాలుగూ ఇచ్చాను. నా దగ్గర డబ్బా ఉంది. ఈ వీధి వీధంతటికీ నేనే ఇస్తాను. వీళ్ళు నన్నేమీ అనలేక నోరు మూసుకున్నారు గాని, నువ్వు తెలుసుకోవాలి కదా. అడుగు, ఇంకేం అడుగుతావో."

గోడ మీద నుంచి ఎన్ని గిన్నెలు అందుకున్నానో గాని, అత్తయ్యగారు నాకు ఇచ్చినవాటిలో పెద్దది ఆ మాటే అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆవిడ చెప్పకపోతే ఎవరం చెప్పేవాళ్ళం కాదు.

ఆ డబ్బా తెప్పించుకుని డాక్టరుగారు లోపలికి చూశారు. ఆ మెత్తటి మనిషికి కోపం వచ్చింది. కోపంలో కూడా 'అండీ' వదల్లేదు. "ఇది ఎంత ప్రమాదమో తెలుసాండీ? మీరు మంచి చేస్తున్నాననుకుంటున్నారండీ!" అత్తయ్యగారు అంతా విన్నారు. విని, పీట తెచ్చి ఆయన ముందు వేసుకుని కూర్చున్నారు.

"తిట్టింది చాలు నాయనా. నేను చేసిందేంటో అర్థమయ్యేటట్టు చెప్పు. అర్థం కాకుండా ఊరుకోమంటే నేను ఊరుకోలేను, నా తత్వం అది."

నేను మంచం మీద నుంచే అంతా విన్నాను.

"ఒంట్లో చేరే పురుగులన్నీ ఒకేలా ఉండవండీ," అన్నారు డాక్టరుగారు. "కంటికి కనిపించనంత చిన్నవి. వాటిలో మెతకవి ఉంటాయి, మొండివి ఉంటాయి. రెండు రోజులు మందు పడితే మెతకవి చస్తాయి. జ్వరం తగ్గినట్టుంటుంది. మనం ఆపేస్తాం. అప్పుడు మొండివి మిగిలి, అవే పెరుగుతాయి."

"తుంగ," అన్నారు అత్తయ్యగారు.

"ఏంటండీ?"

"చేలో కలుపు పైపైన పీకి వదిలేస్తే మెత్తటి గడ్డి పోయి తుంగ మిగులుద్ది. ఆ తర్వాత చేనంతా దానిదే. ఇంతేగా? ఇది నాకు తెలుసు. ముందుకెళ్ళు."

డాక్టరుగారు కొంచెం కంగారుపడి ముందుకి వెళ్ళారు. "ఇంకా వింత ఉందండీ. మన కడుపులో ఏ హానీ చెయ్యని పురుగులు కోట్ల కొద్దీ ఉంటాయి. వాటి మానాన అవి బతుకుతుంటాయి. మనం దగ్గుకీ రొంపకీ మింగే ప్రతి గొట్టం దెబ్బా వాటికీ తగులుతుంది. వాటిలోనూ మొండివే మిగులుతాయి. ఆ మొండి పురుగు దగ్గర ఉంగరంలాంటి చిన్న పోగు ఒకటి ఉంటుంది. మందుని ఎలా చెడగొట్టాలో ఆ కిటుకు అందులో ఉంటుంది. తర్వాతెప్పుడో నీళ్ళలోంచి జ్వరం పురుగు కడుపులోకి వస్తుంది. దానికి ఈ కిటుకు తెలియదు. అప్పుడీ మొండి పురుగు దాన్ని దగ్గరికి లాక్కుని, ఆ ఉంగరానికి నకలు తీసి ఇచ్చేస్తుంది."

"ఊరికేనా?"

"ఊరికేనండీ."

"అది దీనికి చుట్టమా?"

"కాదండీ. వేరే జాతి. పక్కన ఉండటమే చుట్టరికం."

"ఇచ్చాక దీని దగ్గర ఉండదా?"

"ఉంటుందండీ. రెండింటి దగ్గరా ఉంటుంది. రెండోది మూడోదానికి ఇస్తుంది. పైగా ఒక్కోసారి ఆ ఉంగరంలో ఒక మందు కిటుకే కాదు, మూడు నాలుగు మందులవి కలిపి ఉంటాయి."

"ఆవకాయ పాళ్ళు చెప్పినట్టన్నమాట. ఎంతమందికి చెప్పినా మన జాడీ తరగదు." అత్తయ్యగారు ఒక్కసారిగా తొడ మీద చరుచుకుని నవ్వారు. "ఓరి వీటి దుంపతెగ! కడుపులో పేరంటం చేసుకుంటున్నాయయ్యా ఇవి! ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం! అచ్చం మాలాంటివే!"

మంచం మీద నాకూ నవ్వొచ్చింది. ఎండిపోయిన గొంతులోంచి అది ఏ రకంగా వినిపించిందో గాని, అమ్మ సంధి పుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆ నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ ఆగిపోయింది. అత్తయ్యగారు గొంతు తగ్గించారు.

"అయితే నాయనా, ఈ పిల్ల ఒంట్లో పురుగుకి వాయనం ఇచ్చింది నేనేనా?"

డాక్టరుగారు అవునని అనెయ్యొచ్చు. అనలేదు. "అలా చెప్పలేనండీ. అది ఆ కిటుకు నేర్చుకునే ఈ ఊరు వచ్చి ఉండొచ్చు. ఎవరి కడుపులో నేర్చుకుందో ఎవరూ చెప్పలేరు. మీ నాలుగు గొట్టాల వల్లే అనలేను. కానీ ఊరు ఊరంతా ఇలా సగం సగం మింగుతుంటే, ఏదో ఒక రోజు మా దగ్గర ఇవ్వడానికి మందుండదు."

"పిల్ల బతుకుద్దా?"

"ఏ మందుకి లొంగుతుందో తెలిస్తే బతుకుతుందండీ. రక్తం తీసి బెజవాడ పంపాలి. అక్కడ పురుగుని పెంచి, ఒక్కో మందు దాని మీద వేసి చూస్తారు. కుదుపు తగలకుండా, ఎండ తగలకుండా ఎవరైనా జాగ్రత్తగా తీసుకెళ్ళాలి."

"ఎవరైనా ఏంటి? నేనే వెళ్తా."

వెళ్ళారు. ఆ ప్రయాణం సంగతి తోడు వెళ్ళిన మావయ్యగారు తర్వాత మాకు చెప్పారు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను అప్పుడే చూశాను. అత్తయ్యగారు రక్తం సీసాని తువ్వాలులో చుట్టి, పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. పక్కన ఎవరైనా ఆనుకుంటే, "జరగండమ్మా, పెళ్ళికావాల్సిన పిల్ల ఉంది ఇందులో" అనేవారట. జనం ఆ తువ్వాలు వంక చూసి, ఆవిడ వంక చూసి, నిజంగానే జరిగిపోయేవారట.

ఆ బస్సులో డ్యూటీలో ఉన్నది మా వీధి కండక్టరే. ఎ.కొండూరు రాకముందే దొరికిపోయాడు.

"ఏరా, మింగమని నీకు రాసిచ్చినవి మింగకుండా నాకెందుకిచ్చావురా?"

"మీరే అడిగి పట్టుకెళ్ళారు కదండీ అత్తా!"

"నేనడిగితే మాత్రం? బస్సు మైలవరం దాకా పోనిచ్చి, ఇంకెందుకులే అని ఆపేస్తావా? బెజవాడ దాకా టికెట్టు తీసుకున్నవాళ్ళని మధ్యలో దింపేస్తావా? మరి మందెందుకు మధ్యలో ఆపావు?"

"ఆపనండీ. ఇంకెప్పుడూ ఆపనండీ. టికెట్టు తీసుకోండి."

బెజవాడ నుంచి జవాబు వచ్చేదాకా గడిచిన రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నదల్లా నుదుటి మీద తడిగుడ్డ, దాన్ని మార్చే చేతికున్న గాజుల చప్పుడు. పగలంతా ఆ చప్పుడు అమ్మ మట్టిగాజులది కాదు. గోడ అవతల తిరగలి రాయి ఖాళీగా ఉందనీ, వీధిలో ఎవరో మందుకి వస్తే "వైద్యం మూసేశాను, ఆసుపత్రికి పో" అని ఆవిడ కసిరారనీ అమ్మ తర్వాత చెప్పింది.

జవాబు వచ్చింది. ఎప్పుడూ ఇచ్చే మందుకి ఈ పురుగు లొంగదు, వేరేదానికి లొంగుతుంది. ఆ వేరేది పెద్ద పెద్ద తెల్ల బిళ్ళలు. మింగుతుంటే గొంతులో సుద్దముక్క అడ్డం పడ్డట్టుండేది. వేళకి అత్తయ్యగారు వచ్చి, బిళ్ళ నా నాలుక మీద పెట్టి, నీళ్ళు పోసి, "నోరు తెరు" అని చూసి గాని కదిలేవారు కాదు. నాలుక కింద కూడా చూసేవారు. మెల్లగా జ్వరం నిచ్చెన దిగడం మొదలుపెట్టింది. ఒక పొద్దున మామిడికొమ్మ కిటికీలో ఉండాల్సిన చోటే ఉంది. నాకు ఆకలేసింది.

అసలు పరీక్ష అప్పుడొచ్చింది. బిళ్ళలు ఇంకా చాలా ఉన్నాయి. అమ్మ వాటిని కాగితంలో చుడుతూ అంది, "జ్వరం పూర్తిగా పోయిందిగా వదినగారూ. దీనికి ఇంత చేదు ఎందుకు మింగించడం? దాచుదాం. మళ్ళీ ఎవరికైనా వస్తే..."

అది అత్తయ్యగారి మాటే. ఏళ్ళ తరబడి గోడ మీద నుంచి మా అమ్మకి ఆవిడ నేర్పిన మాటే. ఆవిడ ఆ పొట్లం వంక చూశారు. చెయ్యి సగం చాచారు కూడా. ఆ చెయ్యికి అలవాటది. తర్వాత ఆ చేత్తోనే పొట్లం విప్పి బిళ్ళలన్నీ మంచం మీద పోశారు.

"నోము పట్టి ఉద్యాపన చెయ్యకుండా వదిలేస్తే ఏమవుద్దో తెలుసా చెల్లెమ్మా?"

"మాకు నోములు లేవు కదండీ," అంది అమ్మ నవ్వుతూ.

"మీకు లేకపోతే నేను పడతాను. మందు అది మింగుద్ది. డాక్టరు చెప్పిన ఆఖరి బిళ్ళ పడ్డ రోజే ఉద్యాపన. అప్పటిదాకా ఒక్క బిళ్ళ గడప దాటితే నా మీద ఒట్టే."

అలా మొదలైంది మందుల నోము. ఆ సాయంత్రమే ఆవిడ డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, వీటన్నిటినీ వాగులో కలిపేస్తానని డాక్టరుగారికి చెప్పారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి అరిచినంత పని చేశారట. "వద్దండీ! వాగులోనూ పురుగులుంటాయండీ! అవీ నేర్చుకుంటాయి!"

"వాగులో కూడా పేరంటమేనా!" అని ఆవిడ తల పట్టుకున్నారు.

చివరికి పోస్టుమాస్టారి చెవిపోటు, కరణంగారి కాలిపుండు, పంతులుగారి రొంప అన్నీ కలిసి వాళ్ళ పెరట్లో నీళ్ళకాగు కింద పొయ్యిలోకి పోయాయి. రంగురంగుల పొగ, ఘాటు కంపు. మావయ్యగారు ఆ నీళ్ళతో స్నానం చేసొచ్చి, "ఇవాళ ఊళ్ళో జబ్బులన్నీ నాకు ఒకేసారి తగ్గాయి" అన్నారు.

నా ఆఖరి బిళ్ళ పడిన రోజున అత్తయ్యగారు కొత్త చీర కట్టుకుని గుమ్మంలోంచే వచ్చారు. మా ఇంటి పద్ధతి ఎరిగి పసుపూ కుంకుమా తేలేదు. పళ్ళెంలో రెండు బత్తాయిలు, కొంగు చాటున ఇంకేదో ఉంది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, అమ్మ తలుపు దగ్గర నిలబడింది. నలుగురి ముందు మాట్లాడాలంటే నాకు ప్రాణం పోతుంది. ఆవిడకి ఆ సంగతి తెలుసు.

"ఇస్తినమ్మ వాయనం," అన్నారు.

నేను తల దించుకున్నాను.

"ఇస్తినమ్మ వాయనం. ఎంతసేపైనా సరే, నిలబడతాను. నాకు తిరగలి రాయి మీద నిలబడే అలవాటుంది."

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను. నాకే వినిపించలేదు గాని ఆవిడకి వినిపించింది. కొంగు తీశారు. బిస్కెట్ల రేకు డబ్బా. చింతపండుతో తోమి, ఎండబెట్టి, మూత మీది గుర్రబ్బండి తళతళలాడేటట్టు చేసి తెచ్చారు.

"ఖాళీ డబ్బా ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదే అమ్మడూ. నీ దగ్గరుంచు. నీ రాతకోతలు దాచుకో."

ఇది రాస్తున్న పెన్నూ, సిరా బుడ్డీ ఆ డబ్బాలోనే ఉంటాయి. ఎంత తోమినా మూల నుంచి కాస్త మందు వాసన వస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత ఆవిడ మారిపోయారని అనలేను. పెట్టడం మానలేదు, పెట్టేది మాత్రం మారింది. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆసుపత్రికి తరిమేవారు. వాళ్ళు మందుతో తిరిగొచ్చాక రోజూ తిరగలి రాయెక్కి, "నోము నడుస్తోందా?" అని కేక వేసేవారు. ఎవరైనా నీళ్ళు నమిలితే రాయి దిగి, చుట్టూ తిరిగి, వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళేవారు. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోతే, "ఎవరి నోమే అది?" అని గట్టిగా అడిగేవారు. ఆఖరి బిళ్ళ మింగినవాళ్ళకి పరమాన్నం. పరమాన్నం కోసం బిళ్ళలు మింగిన పిల్లలు ఎంతమందో! మరియమ్మ మాత్రం కోడికి నోము పట్టొచ్చా అని అడిగి తిట్లు తింది. డాక్టరుగారికి బదిలీ అయి వెళ్తున్నప్పుడు అత్తయ్యగారు ఆవకాయ జాడీ ఇచ్చి పాళ్ళు కూడా చెప్పారు. "నలుగురికీ చెప్పు నాయనా. ఇది నేర్పితే తప్పులేదు" అన్నారు.

చివర్లో ఆవిడకి గుండె జబ్బు చేసింది. మందు ఎన్నాళ్ళు వాడాలని కొత్త డాక్టరుని అడిగితే, ఉన్నన్నాళ్ళూ వాడాలమ్మా అన్నాడట. గోడ మీద నుంచి నాతో ఎంత విసుక్కున్నారో. "ఉద్యాపన లేని నోము ఎక్కడైనా ఉందటే? శాస్త్రం తెలియని మనిషి!" విసుక్కుంటూనే రోజూ వేసుకున్నారు. పోయిన రోజు పొద్దున కూడా వేసుకున్నారని మావయ్యగారు చెప్పారు.

బస్సులో ముందు సీటు అమ్మాయి ఆ ఎరుపూ పసుపూ బిళ్ళ కోసం చెయ్యి చాచింది. పక్కనున్న పెద్దావిడ ముఖంలో నాకు బాగా తెలిసిన సంతోషం కనిపించింది. నేను ఆవిడ మోచేతి మీద చెయ్యి వేశాను.

"ఎవరి నోమండీ అది?"

పెద్దావిడ ఇటు తిరిగింది. "నోమేంటి?"

"మీ మరిదిగారిది కదా. ఆయన సగంలో వదిలేశారా? అది ఈ అమ్మాయి మింగితే..." అని ఆగిపోయాను. ముందు సీట్లవాళ్ళు, వెనక సీట్లవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, అందరూ నా వంకే చూస్తున్నారు. ఇక ఆగితే మళ్ళీ మాట రాదని తెలిసి, తుంగ దగ్గర మొదలుపెట్టాను. ఉంగరం చెప్పాను, ఆవకాయ పాళ్ళు చెప్పాను, పేరంటం చెప్పాను. పేరంటం దగ్గర బస్సంతా నవ్వింది. ఆ దగ్గే అమ్మాయి కూడా నవ్వి, నవ్వి ఇంకా దగ్గింది. తిరువూరులో దిగగానే ఆసుపత్రికి వెళ్తానంది.

ఎ.కొండూరు వచ్చింది. పెద్దావిడ బిళ్ళని మళ్ళీ కొంగులో ముడేసుకుంది.

"వాగులో వెయ్యకండి," అన్నాను. "పొయ్యిలో వెయ్యండి."

"అలాగేలే తల్లీ. మా మరిదికి చెప్తా నీ నోము సంగతి. ఇంటికెళ్ళగానే చెప్తా." మెట్టు దిగబోతూ ఆగి నన్ను ఎగాదిగా చూసింది. "ఇంతకీ నువ్వు డాక్టరమ్మవా?"

"కాదండీ," అన్నాను. "వాయనం పుచ్చుకున్నదాన్ని."